మజిలీ ముందు, మైళ్లు తర్వాత

మా చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి దక్షిణంగా పోయేది శ్రీశైలం రోడ్డు. బార్కస్, పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్, డిండి, మన్ననూరు, దోమలపెంట... జాతీయ రహదారుల లెక్కలో దాని నంబరు 765. మల్లన్న గుడి దాకా సుమారు 200 కిలోమీటర్లు. కార్తీకంలోనూ మహాశివరాత్రి ముందూ మాల వేసుకున్న శివస్వాములు ఈ రోడ్డు వెంట జట్లుజట్లుగా నడుస్తారు. జట్టుకు ముందు ఒక డీసీఎం వ్యాను పోతుంది. అందులో గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, టార్పాలిన్లు, దుప్పట్లు ఉంటాయి. స్వాములు వచ్చి కాళ్లు కడుక్కునేసరికి భిక్ష సిద్ధం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో గురుస్వామికి కంఠతా వచ్చు. ఆ ఏర్పాటు వెనక ఎన్నేళ్ల అనుభవం ఉందో నడిచినవాళ్లకే అర్థమవుతుంది.

నేను రాయదలచుకున్నది డీసీఎం లేని నడక గురించి. రద్దీ లేని మార్గశిర పుష్యమాసాల్లో, ఇద్దరో ముగ్గురో, మైకూ డప్పూ లేకుండా, ఎక్కువ మాట్లాడుకోకుండా పోయే యాత్ర. నేనూ మా వదినా అలాగే నడుస్తాం. విన్నవాళ్లంతా మొదట అడిగే ప్రశ్న ఒకటే: రోజుకెన్ని కిలోమీటర్లు? అక్కణ్నుంచి మొదలుపెడితే లెక్క కుదరదు. 200ని 8తో భాగిస్తే 25 వస్తుంది, నిజమే. ఆ 25వ కిలోమీటరు దగ్గర ఊరుండాలి కదా. ఊరున్నా ఇద్దరు ఆడవాళ్లు తలుపేసుకుని పడుకోవడానికి ఒక గది ఉండాలి. రాత్రి ఎక్కడో ముందు తేల్చుకోవాలి. పగటి నడక ఎంతో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఈ విద్యలో మనకు పెద్ద దిక్కు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి, శ్రీశైలం చూసుకుని, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా, జగన్నాథం తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో ఆయన రాసిన ఉత్తరాలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. అందులో దేవుళ్ల వర్ణనలు ఎన్నున్నా, నా కళ్లు ప్రతిసారీ వెతికేది మజిలీల వివరాలనే. ఈ ఊరు ఎన్ని ఆమడలు, అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి తావుందా, ముందున్న వాగు ఎలాంటిది. వెంట పల్లకీ, బోయీలు, నౌకర్లు, ఒక పెద్ద పరివారమే ఉండి కూడా ఆయన ప్రతి ఊళ్లో ఇవన్నీ కనుక్కుని రాసిపెట్టాడు, తన వెనక వచ్చేవాళ్లకు పనికొస్తాయని. మన చేతిలో ఫోనుంది, మ్యాపుంది. మ్యాపు దూరం చెబుతుంది. ఆ ఊళ్లో హోటలు సాయంత్రం ఎన్నింటికి కట్టేస్తారో, గుడి కుళాయిలో నీళ్లు ఏ పూట వస్తాయో అది చెప్పదు.

అందుకే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. ఊరు, ముందరి ఊరి నుంచి దూరం, నీళ్లు, కిరాణం, బాత్‌రూం, అడగవలసిన మనిషి, ఆ మనిషి ఫోను. చివరి రెండూ మిగతా అన్నిటికంటే విలువైనవి. ఊళ్లో మగవాళ్లను అడిగితే లాడ్జి అడ్రసు చెబుతారు. అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో, మహిళా సంఘం లీడరునో అడిగితే "మా ఇంటికి రాండ్రి" అంటారు, లేదా సంఘం భవనం తాళం చెవి ఎవరి దగ్గరుందో చెబుతారు. మా నోటుబుక్కులో ఇలాంటి నంబర్లే ఎక్కువ.

మొదటి మజిలీ తుక్కుగూడ. చౌరస్తా నుంచి 15 కిలోమీటర్ల లోపే. ఇంత తక్కువా అంటారు. కావాలనే తక్కువ. మొదటి రోజు కాళ్లకు, చెప్పులకు, మూట బరువుకు పరీక్ష. పైగా ఇది నగరపు దారి. తెల్లారకముందే బార్కస్‌లో హరీస్ గిన్నెల చుట్టూ జనం ఉంటారు, జామకాయల బండ్లు సర్దుకుంటూ ఉంటాయి. పహాడీషరీఫ్ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా మెట్లెక్కేవాళ్లు కనిపిస్తారు. మూట చూసి ఎక్కడికని అడుగుతారు, శ్రీశైలమంటే చేతులు పైకెత్తి దువా చేసి పంపుతారు. ఆ తర్వాత లారీలు మొదలవుతాయి. కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. తుక్కుగూడ దాకా సిటీ బస్సులున్నాయి కనుక మొదటి రాత్రికి ఇంటికొచ్చి, తెల్లారి మళ్లీ అక్కణ్నుంచే నడక అందుకోవచ్చని నేనంటాను. మా వదిన ఒప్పుకోదు. "గడప దాటినంక మళ్లొచ్చి ఇంట్ల పండుకుంటే అది యాత్ర ఎట్లయితది?" అంటుంది. తుక్కుగూడలో ఆమె పిన్నమ్మగారిల్లుంది, అక్కడే పడుకుంటాం. కొత్తవాళ్లకు మాత్రం నా సలహా నాదే: మొదటి రాత్రి మీ మంచం మీదే పడుకోండి, దేవుడేమీ అనుకోడు.

రెండో మజిలీకి కడ్తాల్, మైసిగండి. ఇక్కడ దూరం కంటే వారం ముఖ్యం. మైసిగండి మైసమ్మ దగ్గరికి ఆదివారం జనం కుటుంబాలతో, వంట సామానుతో వస్తారు. ఆ రోజు గది దొరకదు, దొరికినా నిద్ర దొరకదు. అందుకే మధ్యలో మామూలు వారం పడేలా బయల్దేరే రోజును ఎంచుకుంటాం. కడ్తాల్ పిరమిడ్ దగ్గర డిసెంబరు చివరి రోజుల్లో ధ్యాన మహాయాగం జరుగుతుంది, వేలమంది వస్తారు. ఆ రోజులూ తప్పించాలి. మంచి రోజు చూసి బయల్దేరడమంటే మా ఇంట్లో పంచాంగంతో పాటు ఇవన్నీ చూడడం.

ఆమనగల్, వెల్దండ దాటాక ఊళ్లు రోడ్డుకు దూరం జరుగుతాయి. కోట్ర గేటు, వంగూరు గేటు అంటారు కదా, అక్కడ నాలుగు హోటళ్లు, ఒక పంక్చరు షాపు, ఆటోలు ఉంటాయి, అసలు ఊరు లోపల ఉంటుంది. నడిచేవాళ్లకు ఈ నడిమి భాగమే కష్టం. డిండి చేరితే పర్యాటక శాఖవాళ్ల రిసార్టు ఉంది, చెరువు ఉంది. అక్కడికి చేరేలోపు ఒక రాత్రి ఎక్కడో గడపాలి. ఆ రాత్రి కోసమే అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు చేస్తాం.

బస అడగడానికి ఒక పద్ధతుంది. పొద్దు కుంకాక అడగకూడదు. చలికాలం ఆరు కాకముందే చీకటి పడుతుంది కాబట్టి నాలుగింటికల్లా ఊళ్లో ఉండాలి. వెలుగులో వచ్చిన మనిషిని ఊరు పరాయిగా చూడదు. గుడికి పోయి, కాళ్లు కడుక్కుని, దండం పెట్టుకుని, కాసేపు కూర్చున్నాకే అడగాలి. ఆ దారిలో ఒక ఆంజనేయస్వామి గుడి దగ్గర జరిగింది చెబుతాను. పూజారి మా మొహాల కంటే ముందు మా పాదాలు చూశాడు.

"ఏడికెల్లి వస్తున్నరమ్మా?"

"చాంద్రాయణగుట్ట నుంచి పంతులుగారూ. శ్రీశైలం పోతున్నం."

"నడుసుకుంటనా? ఇద్దరేనా?" అని ఒక నిమిషం ఆలోచించాడు. "మండపంల పండుకుంటే చలి పెడ్తది. సామాన్ల రూమున్నది, ఓ పక్కకు చాప ఏస్కోండ్రి. గని పొద్దుగాల నాలుగున్నరకు మైకు పెడ్తం, మల్ల నిద్ర పాడైందనొద్దు."

గది చిన్నది. ఒక మూల ఉత్సవ విగ్రహాల పల్లకీ బొంగులు, ఇంకో మూల కొబ్బరిచిప్పల బస్తా, గోడకు పాత క్యాలెండర్లు. మా వదిన మూట దించకుండానే తలుపు దగ్గరకేసి లోపలి గొళ్లెం వేసి చూసింది. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొబ్బరినూనె సీసా తీసి నాలుగు చుక్కలు పోసి, రెండుసార్లు అటూ ఇటూ లాగింది. గొళ్లెం పడింది. అప్పుడు మూట దించింది. పాదాలకని తెచ్చుకున్న నూనె అది. యాత్రలో మగవాళ్లు చెప్పుల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, గొళ్లెం ఊసెత్తరు. ఇద్దరు ఆడవాళ్లకు మజిలీ అంటే గొళ్లెం, దీపం, బాత్‌రూం. ఈ మూడూ ఉన్నచోట కటిక నేల మీదైనా నిద్ర పడుతుంది.

తొందరగా చేరడంలో ఇంకో లాభముంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు'లో గోపుడు మజిలీ చేరాక ఊరు చూసి వచ్చి, అక్కడ కనిపించిన వింత గురించి తనతో నడుస్తున్న మణిసిద్ధుణ్ని అడుగుతాడు, కథ అక్కణ్నుంచి మొదలవుతుంది. చీకటి పడ్డాక ఈడ్చుకుంటూ చేరితే చూడడానికి ఊరూ ఉండదు, అడగడానికి ఓపికా ఉండదు. రోజుకు 35 కిలోమీటర్లు నడిచామని చెప్పుకునేవాళ్లు దారిలో ఏ ఊరి గురించీ చెప్పలేకపోవడం చూశాను. ఆ నడక యాత్ర కాదని నా అభిప్రాయం.

హాజీపూర్ దగ్గర ఆగి ఒక రోజు ఉమామహేశ్వరానికి ఇవ్వాలి. అచ్చంపేట వైపు, రంగాపూర్ దగ్గర కొండలో ఉంది. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం ద్వారాలని పెద్దల మాట. హైదరాబాదు నుంచి నడిచేవాళ్ల వాకిలి ఇదే. కాళ్లకు విశ్రాంతి, ముందున్న అడవికి మనసు సిద్ధం చేసుకునే వ్యవధి.

మన్ననూరు నుంచి లెక్కలన్నీ మారిపోతాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలనే వదలరు. ఇక్కణ్నుంచి దోమలపెంట దాకా సుమారు యాభై కిలోమీటర్ల అడవి, మధ్యలో ఆగదగిన ఊరంటే వటవర్లపల్లి. సెల్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. రోజును సమానంగా పంచుకోవడం ఇక్కడ కుదరదు. ముందురోజు మన్ననూరులోనే ఆగి, అటవీశాఖవాళ్లను అడిగి, వాళ్లు నడవొచ్చంటేనే, బాగా తెల్లారాక, నలుగురితో కలిసి కదలాలి. మధ్యాహ్నం దాటేసరికి వటవర్లపల్లి చేరాలి. అడ్డదారులు తొక్కకూడదు, కోతులకు ఏమీ పెట్టకూడదు, తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి మూటలోకే పోవాలి. మేమిద్దరమే ఉండి, తోడు దొరక్కపోతే మన్ననూరులో ఆర్టీసీ బస్సెక్కి దోమలపెంటలో దిగుతాం. దీన్ని లోటుగా నేనెప్పుడూ అనుకోలేదు. ఆ అడవి చెంచులది, పులులది. మన మొక్కు కోసం ఆ అడవి రాత్రిని చెరపకూడదు.

అవతలి వైపు నుంచి, అంటే ఆత్మకూరు పక్క నుంచి, ఉగాదికి కన్నడ భక్తులు వచ్చే అడవిదారి వేరు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. కర్రకాళ్ల మీద నడిచొచ్చేవాళ్లు కూడా ఉంటారు వాళ్లలో. ఆ కొద్దిరోజులూ దేవస్థానం నీళ్లు, పందిళ్లు, వైద్య శిబిరాలు పెడుతుంది, దాతలు అన్నం పెడతారు. వీరాస్వామయ్య పోయింది ఆ దిక్కునుంచే.

దోమలపెంట తర్వాత ఈగలపెంట, ఘాటు దిగి డ్యాము, కృష్ణ దాటి లింగాలగట్టు, మళ్లీ ఎక్కి సున్నిపెంట. మోకాళ్లకు ఇదే గట్టి రోజు, కుదిరితే సున్నిపెంటలో ఆగడం మేలు. శ్రీశైలంలో బసకు కొదవ లేదు. దేవస్థానం గదులున్నాయి, కులానికొక సత్రముంది, కరివేనవారి సత్రం పేరు ఎవరిని అడిగినా చెబుతారు. శని, ఆది, సోమవారాలు తప్పిస్తే చాలు.

గుడి దగ్గరే కాదు, దారి పొడవునా బస దొరికే యాత్రలూ ఉన్నాయి. పండరిపురం వారకరీలకు ఏ రాత్రి ఏ ఊళ్లో పాలకీ దిగుతుందో ముందే ప్రకటిస్తారు, ఆ ఊరు వాళ్ల కోసం ఎదురుచూస్తుంది. జపాన్‌లో షికోకు దీవి చుట్టూ 88 గుళ్లు తిరిగే 1200 కిలోమీటర్ల దారిలో ఒంటరిగా నడిచేవాళ్లకు ఊరివాళ్లు తిండీ, కొన్నిచోట్ల ఉచితంగా పడకా ఇస్తారు. మనకూ ఆ సంప్రదాయం కొత్తది కాదు. కుతుబ్‌షాహీలు షేక్‌పేటలో సరాయి కట్టారు, హయత్‌నగర్ మసీదు చుట్టూ బాటసారుల కోసం గదులు కట్టించారు. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు వేయించాడు. బస్సులు వచ్చాక నడిచేవాళ్లు తగ్గారు, సత్రాలు గుడి ఊళ్లకే పరిమితమయ్యాయి, దారి ఊళ్లలో తాళాలు పడ్డాయి.

తుక్కుగూడ నుంచి మన్ననూరు దాకా రోడ్డు పక్క ఊళ్ల సర్పంచులకు, గుడి కమిటీ పెద్దలకు, మహిళా సంఘాలకు నా విన్నపం ఒకటే. కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. గుడిలో సామాన్ల గది ఉంది, సంఘం భవనం ఉంది, సాయంత్రమైతే తాళం పడే రైతు వేదిక ఉంది. వాటిలో ఒక్కటి నడిచివచ్చే వాళ్లకు రాత్రిపూట తెరవండి. లోపలి గొళ్లెం సరిచేయించండి, ఒక బల్బు, ఒక కుళాయి, శుభ్రమైన బాత్‌రూం ఉండేలా చూడండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఆ ఫోన్ నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. పాఠకుల్లో ఈ దారి ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు ఈ మాట వాళ్ల చెవిన వేయండి, మాఘం వచ్చేలోపు.