వీడియో ఎక్కడ ఆపావు?

సెమిస్టర్ చివర మా కాలేజీలో పిల్లల చేత ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తాం. కాలేజీల నాణ్యత మదింపు చేసే న్యాక్ వాళ్లకు చూపించాలి కాబట్టి తప్పదు. అందులో ఈ మధ్య ఒక ప్రశ్న చేరింది: నీకు బ్లెండెడ్ క్లాసు ఇష్టమా, నేరుగా జరిగే క్లాసు ఇష్టమా? టిక్కు పెట్టాలి, పెడతారు. ఎక్కువ టిక్కులు ఎటు పడితే విద్యార్థుల మొగ్గు అటు ఉందని మేం రిపోర్టు రాస్తాం. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కొలిచే ముందు కొలిచేదేమిటో తెలియాలన్న పట్టింపు ఉన్నవాణ్ణి. ఆ టిక్కు దేన్ని కొలుస్తోందన్నది నాకు మొదటి నుంచీ అనుమానమే.

బ్లెండెడ్ అంటే కొంత పాఠం ఆన్‌లైన్లో, కొంత తరగతి గదిలో. కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్లో చెప్పుకోవచ్చు, మిగతా 60 నేరుగా చెప్పాలి అంటూ యూజీసీ 2021 మేలో ఒక కాన్సెప్ట్ నోట్ తెచ్చింది. అప్పటికి కరోనా రెండో విడత ఉధృతంగా ఉంది. ఏడాదికి పైగా జూమ్‌లో, గూగుల్ మీట్‌లో మ్యూట్ పెట్టుకున్న నల్లటి డబ్బాలకు పాఠాలు చెప్పి విసిగిపోయి ఉన్నాం. ఆ 40 అంకె చూడగానే స్టాఫ్ రూములో అందరికీ ఒళ్లు మండింది. నాకూ మండింది. అయితే నల్లటి డబ్బాలకు లైవ్‌లో చెప్పడం వేరు. పాఠం రికార్డు చేసి ఇచ్చి, వీలున్నప్పుడు చూసుకోమని, తరగతి గదిని ఇంకో పనికి వాడుకోవడం వేరు. మొదటిది గత్యంతరం లేక చేసిన పని. దాన్ని చూసి రెండోదానికి తీర్పు చెప్పడం కుదరదు.

అసలు మన దగ్గర ఇది కొత్తదేమీ కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో తొలి ఓపెన్ యూనివర్సిటీ అదే. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. దానికి మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెడితే దానికీ మొదటి వైస్ చాన్సలర్ ఆయనే అయ్యారు. ఈ యూనివర్సిటీల్లో పాఠం అచ్చయి చేతికొచ్చేది, రేడియోలోనూ వినిపించేది, ఆదివారాలు దగ్గర్లోని స్టడీ సెంటర్లో క్లాసులుండేవి. బ్లెండెడ్ అనలేదంతే. నేనూ కొన్నేళ్లు ఆ ఆదివారం క్లాసులు చెప్పాను. కానిస్టేబుళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, పెళ్లితో చదువు ఆగిపోయిన ఆడవాళ్లు వచ్చేవారు. వారానికి దొరికే ఒక్క సెలవునూ దీనికే పెట్టేవారు. నేను అలవాటు కొద్దీ పాఠం మొదటి నుంచి ఎత్తుకోబోతే, ‘‘అది పుస్తకంలో ఉంది సార్, చదువుకునే వచ్చాం. ఇదిగో, ఈ లైను దగ్గర ముందుకు పోవట్లేదు. ఇది చెప్పండి చాలు’’ అనేవారు. మా రెగ్యులర్ పిల్లలు అంత తెగేసి అడగ్గా నేను వినలేదు. అడిగే వీలు వాళ్లకు మేం ఇచ్చామా అన్నది తర్వాత మాట.

ఒకసారి ఫారాలు పక్కన పెట్టి, సెకండియర్ పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడించాను. ముందు వరసలో కూర్చునే ఒకమ్మాయి కాలేజీకి రావడమే ఇష్టమంది. పాఠం బాగా అర్థమవుతుందనా అంటే కాదట. ‘‘ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటే చదువుతున్నానని ఎవరూ అనుకోరు సార్. ఖాళీగానే ఉన్నావుగా, కాస్త పొయ్యి మీద పాలు చూడు అంటారు. ఇక్కడైతే నాకెవరూ పని చెప్పరు’’ అంది. పక్కనున్న అమ్మాయిలంతా నవ్వారు. వాళ్లు నవ్విన తీరు చూస్తే ఇది ఒక్క ఇంటి కథ కాదని తెలుస్తూనే ఉంది. ఒక కుర్రాడికి వీడియోలే కావాలి. రాత్రిళ్లు క్యాటరింగ్ పనికి పోతాడు. పొద్దున్నే మొదటి అవర్‌లో వాడి కళ్లు తెరుచుకుని ఉంటాయి గానీ మనిషి ఉండడు. ఇంకొకడిది పల్లెవెలుగు బస్సు సమస్య. అది తప్పిపోతే తర్వాతి బస్సుకు రెండు పీరియడ్లు గల్లంతు. కానీ వాళ్ల ఊళ్లో సిగ్నల్ రావాలంటే మేడెక్కాలి. అందుకని వాడు రెండింటికీ టిక్కు పెట్టాడట. ఆ ఫారం చెల్లదని మేం పక్కన పడేసి ఉంటాం. నిజానికి అందరికంటే సరిగ్గా నింపింది వాడే.

ఎవరూ పాఠం గురించి మాట్లాడలేదు. ఇల్లు, పని, బస్సు, ఫోన్ గురించి మాట్లాడారు. ఆ టిక్కులో ఉండేది అదే. ఎక్కువమంది క్లాసుకు ఓటేశారు కాబట్టి మన బోధన భేషుగ్గా ఉందని మేం మురిసిపోవడం ఒక భ్రమ. వీడియోలకు ఓటేశారు కాబట్టి ఈ తరానికి మాస్టార్లు అక్కర్లేదనడం ఇంకో భ్రమ.

పాఠం దగ్గరికొచ్చేసరికి వేరే సంగతులు బయటపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం చేశారు. ఇంటర్ దాకా తెలుగులో చదివి, వ్యతికరణం అంటే ఏమిటో చక్కగా తెలిసిన పిల్ల, ఇంటర్ఫియరెన్స్ అనగానే కొత్త పాఠం అనుకుని బెదిరిపోతుంది. క్లాసులో నేను సగం తెలుగులోనే చెబుతాను, అందరం అంతే. కానీ నోట్సు ఇంగ్లిషు, పరీక్ష ఇంగ్లిషు. అలాంటి పిల్లలకు నేను రికార్డు చేసి పెట్టిన వీడియోల్లో అన్నిటికంటే నచ్చింది ఆపుకునే బటన్. ఆపి మాట రాసుకుంటారు, అర్థం వెతుక్కుంటారు, పది సెకన్లు వెనక్కి జరిపి మళ్లీ వింటారు. ఒక అమ్మాయి, ‘‘మీరు క్లాసులో చెప్పిందే సార్. కానీ అక్కడ మిమ్మల్ని ఆపలేం కదా’’ అంది. ‘‘ఆపొచ్చు కదమ్మా, చెయ్యెత్తితే చాలు’’ అన్నాను. అరవై మంది ముందు చెయ్యెత్తడం ఎంత పనో నాకంటే ఆ పిల్లకే బాగా తెలుసు. జవాబు చెప్పకుండా తలొంచుకుంది.

యూట్యూబ్‌లో పెట్టే పాఠాలకు ఒక గ్రాఫ్ వస్తుంది: ఎక్కడ చూడటం మానేశారు, ఏ ముక్క తిరగేసి తిరగేసి చూశారు అని. న్యూటన్ వలయాల పాఠం గ్రాఫ్‌లో ఒకచోట గీత కొండలా లేచింది. కుంభాకార కటకానికీ గాజు పలకకూ మధ్య ఉండే పలచని గాలి పొరలో వెలుగూ చీకటీ వలయాలుగా ఏర్పడతాయి. కటకం పలకను తాకే నడి మధ్యన గాలి పొర మందం సున్నా. పథభేదం లేదు కాబట్టి అక్కడ వెలుగుండాలని ఎవరైనా అనుకుంటారు. ఉండేది నల్లటి చుక్క. సాంద్రతర యానకం మీద పడి వెనక్కి వచ్చే కాంతికి అర్ధ తరంగదైర్ఘ్యం తేడా వస్తుంది, అందుకని. ఆ ఒక్క వాక్యం దగ్గరే పిల్లలంతా ఆగారు. ఏటా ఇదే పాఠం క్లాసులో చెబుతాను, ఏటా తలలు ఊపుతారు. ఆ తల ఊపడానికి అర్థం ‘తర్వాతి లైనుకు వెళ్లండి సార్’ అని.

వీడియోను నెత్తికెత్తుకుంటున్నానని అనుకోకండి. అదే న్యూటన్ వలయాలు ల్యాబ్‌లోకి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. మైక్రోస్కోపు కంటి కటకం దగ్గర ఒక్కరే తల పెట్టి చూడగలరు. అక్కడ ఫోన్ కెమెరా పెట్టి తీసిన వీడియోలో ఎంతమందైనా వలయాలు చూడొచ్చు. బాగుంది. కానీ వీడియోలో వలయాలు అప్పటికే దొరికి ఉంటాయి. ల్యాబ్‌లో అవి దొరకవు. సోడియం ల్యాంపు పసుపు రంగుకు తిరిగేదాకా ఆగాలి, గాజు పలకను నలభై అయిదు డిగ్రీల దగ్గర సర్దాలి, కటకం మీది వేలిముద్ర తుడవాలి, అయినా పసుప్పచ్చటి మసక తప్ప ఏమీ కనపడదు. అరగంట అవస్థ పడి, ఆశ వదులుకునే వేళకు వలయాలు గుండ్రంగా తేలి వస్తాయి. అప్పుడు పిల్లలు వేసే కేక నాకు ఇష్టం. తర్వాత స్క్రూ తిప్పుతూ రీడింగులు తీసుకోవాలి, అదీ ఒకే దిశలో. ఒక వలయం దాటిపోయింది కదాని వెనక్కి తిప్పితే మరలో ఉన్న వదులు రీడింగులోకి చేరుతుంది. బ్యాక్‌లాష్ ఎర్రర్ అని రికార్డులో అందరూ రాస్తారు. స్క్రూ తిరిగినా వలయం కదలని ఆ ఖాళీ వేళ్లకు తగిలినవాళ్లు మాత్రం జన్మలో వెనక్కి తిప్పరు.

పాఠం వీడియో నడిపేది జవాబులన్నీ ముందే దొరికిన మనిషి. తడబాటు ఉన్న చోట కత్తిరించేస్తాం. నేనూ కత్తిరిస్తాను. అందువల్ల అంత నున్నగా ఉంటుంది, చూసినవాళ్లకు అంతా వచ్చేసినట్టు ఉంటుంది. ఇది వీడియోకు మాత్రమే పట్టిన జబ్బు కాదు, బాగా చెప్పే లెక్చరర్‌కూ ఉంటుంది. హార్వర్డ్‌లో లూయీ డెలోరియే, ఆయన సహచరులు ఫిజిక్స్ క్లాసుల్లోనే దీన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి ధారాళంగా లెక్చర్ ఇచ్చారు, కొందరిచేత క్లాసులోనే లెక్కలు చేయించారు. లెక్చర్ విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామన్నారు. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చింది కుస్తీ పడ్డవాళ్లకు. అంటే ఏది నచ్చిందో అడిగితే ఏది సులువుగా జారిందో చెబుతారు. మా ఫారం మీద నాకున్న అనుమానానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఆన్‌లైన్ పాఠాల మీద వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి అమెరికా విద్యాశాఖ 2010లో ఒక నివేదిక తెచ్చింది. రెండూ కలిపిన పద్ధతిలో ఫలితాలు ఉత్త క్లాసు కంటే మెరుగ్గా ఉన్నాయని అందులో తేలింది. బ్లెండెడ్ మీద మాట్లాడే ప్రతివాళ్లూ ఇంతవరకు చెప్పి ఆపేస్తారు. కలిపి చదివినవాళ్లు చాలాచోట్ల ఎక్కువ సమయం చదివారనీ, వాళ్లకు అదనపు సామగ్రి దక్కిందనీ, మెరుగుదలంతా మాధ్యమం ఖాతాలో వేయకూడదనీ ఆ నివేదికే హెచ్చరించింది. ఎక్కువసేపు చదివితే ఎక్కువ వస్తుందని మా నాన్నమ్మా చెప్పేది.

వచ్చే సెమిస్టర్‌కు ఆప్టిక్స్ విషయంలో పిల్లలూ నేనూ ఒక బేరానికి వచ్చాం. సూత్రాల ఉత్పాదనలు వీడియోలో పెడతాను. పన్నెండు నిమిషాలు దాటకూడదని వాళ్ల షరతు. రాత్రి ఎనిమిదిలోపే పెట్టాలన్నది ఇంకో షరతు; కొందరి ఇళ్లలో ఆ తర్వాత ఫోన్ నైట్ డ్యూటీకి నాన్నతో పాటు వెళ్లిపోతుంది. చూసినవాళ్లు ఎక్కడ ఆపారో నిమిషం, సెకను చీటీ మీద రాసి తేవాలన్నది నా షరతు. పేరు రాయక్కర్లేదు. క్లాసు ఆ చీటీలతో మొదలవుతుంది, తర్వాత లెక్కలు. ‘‘అసలు చూడకపోతే సార్?’’ అని వెనక బెంచీ అడిగింది. చూడలేదని చీటీ మీద రాసి ఇవ్వమన్నాను. ల్యాబ్ మాత్రం ల్యాబ్‌లోనే.

ప్రిన్సిపాల్ గారు అంతా విని బాగుందన్నారు. ఆయనకు మిగిలిన సందేహం ఒకటే: డెబ్బై అయిదు శాతం హాజరు లేనిదే హాల్‌టికెట్ ఇవ్వం కదా, మరి ఆ పన్నెండు నిమిషాలకు అటెండెన్స్ ఎవరు వేస్తారు, ఏ రిజిస్టర్లో వేస్తారు? ఇంకా తేలలేదు.