ఎగిరే పిల్లాడి కాళ్ళకు బరువులు

మనసు ఉప్పొంగితే చాలు, ఆ పిల్లాడి పాదాలు నేల వదిలేస్తాయి. నలుగురి కంట పడితే వాడికి ప్రమాదం. మరి తల్లి ఏం చేయాలి? కాళ్ళకు బరువు పట్టీలు కడుతుంది. పుస్తకాల సంచీని మోయలేనంత బరువు చేస్తుంది. కడుపు పగిలేలా తినిపించి ఒళ్ళు చేయిస్తుంది. దక్షిణ కొరియా సిరీస్ ‘మూవింగ్’లో బోంగ్‌సోక్, అతని తల్లి మిహ్యోన్‌ల కథ ఇది. ఎగిరే శక్తిని చూపించిన సినిమాలు ఎన్నో ఉన్నాయి. ఆ శక్తిని అణచిపెట్టడానికి ఇంట్లో పడే పాట్లను ఇంత ఓపికగా చూపించిన కథలు అరుదు. ఈ సిరీస్ పనితనమంతా అక్కడే ఉంది.

కాంగ్ పుల్ 2015లో వెబ్‌టూన్‌గా గీసిన కథ ఇది. స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాశారు. పార్క్ ఇన్‌జే దర్శకత్వంలో 2023 ఆగస్టులో డిస్నీ ప్లస్‌లో మొదలైంది. మొత్తం 20 ఎపిసోడ్లు.

రచయిత ఎవరికి ఏ శక్తి ఇచ్చారో, దానికి సరిపడా బాధనూ పక్కనే పెట్టారు. మిహ్యోన్‌కు చెవి, ముక్కు, కన్ను అన్నీ అతి చురుకు. ఒకప్పుడు గూఢచారి సంస్థ ఆ చురుకుదనాన్ని వాడుకుంది. ఇప్పుడామె చిన్న కట్‌లెట్ హోటల్ నడుపుతూ, అదే చెవితో కొడుకు అడుగుల చప్పుడు వింటుంది. బోంగ్‌సోక్ స్నేహితురాలు హిసూ తండ్రి జాంగ్ జువోన్‌కు ఎంతటి గాయమైనా మానిపోతుంది. ఒకప్పటి రౌడీ, తర్వాత ఏజెంటు, ఇప్పుడు ఫ్రైడ్ చికెన్ దుకాణం యజమాని. ఉద్యోగం పోయిన నడివయసు మగవాళ్ళు చికెన్ దుకాణం పెట్టుకోవడం కొరియాలో మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అంత గట్టి మనిషికి దారులు మాత్రం గుర్తుండవు. భార్యను పోగొట్టుకున్న రోజున అతను దిక్కుతోచక తిరుగుతూ కుప్పకూలిపోతాడు. చర్మం మీద గాయం ఎప్పటిలాగే మానుతుంది, దుఃఖానికి ఆ వరం లేదు. ఆ పాత్ర వేసిన ర్యూ సుంగ్‌ర్యోంగ్ ఆ సన్నివేశంలో ఏడుపును అందంగా కనిపించనివ్వలేదు. పసివాడు తప్పిపోయినట్టు ఏడ్చారు. అందుకే అది గుండెకు తగులుతుంది.

కథ అల్లికలోనూ ధైర్యముంది. మొదటి ఏడు ఎపిసోడ్లు స్కూలు పిల్లలవి. బోంగ్‌సోక్, హిసూల స్నేహం మనకు బాగా దగ్గరయ్యాక, ఎనిమిదో ఎపిసోడ్‌లో కథ ఒక్కసారిగా ఒక తరం వెనక్కి వెళుతుంది. పిల్లల్ని వదిలేసి తల్లిదండ్రుల యవ్వనం మొదలుపెడితే ప్రేక్షకుడు విసుక్కునే ప్రమాదముంది. ఇక్కడ జరిగింది వేరు. కట్‌లెట్ హోటల్ ఎందుకో, కాళ్ళ బరువులు ఎందుకో అప్పుడుగానీ తెలియదు. ఎగిరే గూఢచారి దూషిక్‌తో కలిసి మిహ్యోన్ ప్రేమగా తిన్న వంటకమే తర్వాత ఆమెకు జీవనాధారమైంది. దానితోనే కొడుకును నేల మీద నిలుపుకుంది. ముందు వస్తువును చూపించి, దాని వెనకున్న మనిషిని తర్వాత చూపించడం ఈ రచయిత పద్ధతి. కాబట్టి వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ ముందు చూసిన సన్నివేశానికే బలం చేకూరుతుంది.

మూడో కుటుంబం మరీ నిశ్శబ్దమైనది. జేమన్‌కు అమానుషమైన బలం ఉంది, బుద్ధిమాంద్యమూ ఉంది. దుకాణం ముందు కూర్చుని కొడుకు కాంగ్‌హూన్ కోసం ఎదురుచూడటమే అతని దినచర్య. తండ్రి పేరు మీదున్న నేర చరిత్ర చెరిపేయించడానికి కొడుకు గూఢచారి సంస్థకు తన భవిష్యత్తునే రాసిస్తాడు. ఈ ఇంట్లో మాటలు తక్కువ. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో చూపులతోనే తెలుస్తుంది.

చివరి ఎపిసోడ్లలో స్కూలు యుద్ధభూమి అవుతుంది. ఉత్తర కొరియా నుంచి వచ్చిన శక్తిమంతులతో పోరు. అక్కడ కూడా దర్శకుడూ రచయితా తొందరపడలేదు. దాడికి వచ్చినవాళ్ళకూ గతం ఇచ్చారు. వాళ్ళనూ ఒక రాజ్యం బలవంతంగా పట్టుకుని ఆయుధాలుగా మార్చిందని చూపించారు. శత్రువు మీద కోపం చల్లారదు గానీ, కోపం అతనొక్కడి దగ్గరే ఆగదు. మనుషుల్ని పనిముట్లుగా చూసే అధికారుల దాకా వెళుతుంది.

బోంగ్‌సోక్ పాత్ర కోసం లీ జంగ్‌హా బరువు పెరిగారు. ఆ నిండైన దేహం తొలిసారి తడబడుతూ గాల్లో తేలినప్పుడు అందులో వీరత్వం కన్నా సిగ్గూ, సంతోషమూ ఎక్కువ కనిపిస్తాయి. హాన్ హ్యోజూ తల్లిగా చూపిన నిబ్బరం ఆ సంతోషానికి తూకం. 2024 బెక్‌సాంగ్ పురస్కారాల్లో టెలివిజన్ విభాగపు అత్యున్నత బహుమతి ఈ సిరీస్‌కు దక్కింది. స్క్రీన్‌ప్లేకు కాంగ్ పుల్, కొత్త నటుడిగా లీ జంగ్‌హా కూడా గౌరవం పొందారు.

అద్భుత శక్తుల కథ రాయబోయేవాళ్ళు ఈ సిరీస్‌ను నోట్సు పుస్తకం పక్కన పెట్టుకుని చూడాలి. శక్తి ఏమిటన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఆ శక్తి ఉన్న బిడ్డకు అన్నం ఎవరు పెడతారు, భయం ఎవరు మోస్తారు, ఏ రోజున వాడి కాళ్ళ బరువులు విప్పుతారు అన్నవాటికి జవాబులు వెతికితేనే ఇరవై ఎపిసోడ్ల కథ పుడుతుంది. కాంగ్ పుల్ వాటిని ఓపికగా వెతికారు.