రంగనాథన్ సూత్రాలు – జువ్వలదిన్నె రేవు

గ్రంథాలయశాస్త్ర విద్యార్థికి మొదట చెప్పేవి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలే. పుస్తకం మీది చూపును చదువరి మీదికి మరల్చిన గ్రంథమది. పఠిత కాలం వృథా కారాదన్న నాలుగవ సూత్రం నేటికీ సాటిలేనిది. అయితే ఆ కట్టడమంతా నిలువ ఉండే పుస్తకం మీద లేచినది. మన నెల్లూరు తీరాన, జువ్వలదిన్నె జాలరికి కావలసిన సమాచారం అట్టిది కాదు. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని బట్టి చేపలు దొరకగల తావును హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ దిక్కు, దూరం, లోతులతో తెలుపుతుంది. కొద్ది రోజులు దాటితే అది చద్దన్నంగానైనా పనికిరాదు! గ్రంథసూచి కూర్చడం మాత్రమే నేర్చినవాడు దానినేమి చేయగలడు? ఉపగ్రహపు లెక్కా తెలియాలి, వల వేసేవాని మాటా తెలియాలి. నేను చూచిన ప్రశ్నపత్రాలు మాత్రం ఐదు సూత్రాలనూ వరుసగా వ్రాయమనే అడుగుతున్నవి.