సంప్రదాయ నిర్వహణ సిద్ధాంతాలు – సంస్థలు స్వీకరించినవి, విడిచిపెట్టినవి: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

నిర్వహణ శాస్త్రానికి సంబంధించిన ఏ పాఠ్యగ్రంథాన్ని తెరిచినా మొదటి అధ్యాయాల్లో ముగ్గురి పేర్లు కనిపిస్తాయి. వారు అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ టేలర్ (1856–1915), ఫ్రాన్సుకు చెందిన హెన్రీ ఫేయోల్ (1841–1925), జర్మనీకి చెందిన మాక్స్ వెబర్ (1864–1920). వీరిని సంప్రదాయ సిద్ధాంతకర్తలు అంటారు. వీరి సిద్ధాంతాలు మనిషిని యంత్రంగా చూశాయన్నది తరచుగా వినిపించే విమర్శ. అందులో నిజం లేకపోలేదు గాని అది సగం నిజమే. వీరి రచనల్లో పనివాణ్ణి కట్టడి చేసే భాగాలతో పాటు పై అధికారిని కట్టడి చేసే భాగాలు కూడా ఉన్నాయి. సంస్థలు మొదటివాటిని స్వీకరించి, రెండవవాటిని విడిచిపెట్టాయి. ఇలా ఎందుకు జరిగింది? ఇందులో ఆ రచయితల బాధ్యత ఎంత? ఈ వ్యాసంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

1. టేలర్: లెక్కలో ఉండి అమలులో లేని విశ్రాంతి

టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాలపై తన గ్రంథాన్ని ప్రచురించాడు. అందులో బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే కూలీల ఉదాహరణ ప్రసిద్ధి చెందింది. ఒక్కొక్క దిమ్మె బరువు 92 పౌండ్లు, అంటే దాదాపు 42 కిలోలు. అంతకు ముందు ఒక్కొక్కరు రోజుకు 12.5 టన్నులు మోసేవారు. టేలర్ ‘ష్మిట్’ అని పేరు పెట్టిన కూలీ, చెప్పినది చెప్పినట్టు చేసి 47.5 టన్నులు మోశాడు. అతని రోజు కూలి 1.15 డాలర్ల నుండి 1.85 డాలర్లకు పెరిగింది. అంటే పని దాదాపు నాలుగింతలు కాగా కూలి సుమారు 60 శాతం మాత్రమే పెరిగింది. చార్లెస్ రెగీ, అమెడియో పెరోని అనే పరిశోధకులు పాత రికార్డులను పరిశీలించి, టేలర్ ఈ కథనాన్ని చాలావరకు మార్చి చెప్పాడని 1974లో చూపించారు. కనుక ఈ ఉదాహరణను జరిగిన చరిత్రగా గాక టేలర్ వాదంగా మాత్రమే చదవడం సమంజసం.

అయితే ఆ వాదంలోనే మరొక అంకె ఉంది. అంత బరువు మోసేవాడు పనిదినంలో 43 శాతం కాలం మాత్రమే బరువుతో ఉండాలని, మిగిలిన 57 శాతం అతని చేతులు ఖాళీగా ఉండాలని టేలర్ లెక్క కట్టాడు. ష్మిట్‌కు ఎప్పుడు మోయాలో చెప్పినట్టే ఎప్పుడు కూర్చోవాలో కూడా చెప్పారు. అంటే విశ్రాంతిని యజమాని దయకు వదలక పని లెక్కలోనే చేర్చాడు. అంత బరువు మోయగలవాడు ఎనిమిదిమందిలో ఒక్కడేనని కూడా రాశాడు. పనిలోను, బాధ్యతలోను యాజమాన్యానికి, కార్మికునికి దాదాపు సమాన భాగం ఉండాలన్నది ఆయన నాలుగవ సూత్రం.

ఆచరణలో అందరికీ గుర్తుండిపోయింది స్టాప్‌వాచ్ మాత్రమే. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో 1911 ఆగస్టులో పోతపనివారు సమ్మె చేశారు. గడియారం పెట్టి తన పనిని కొలవడానికి ఒప్పుకోని తోటి కార్మికుణ్ణి తొలగించడమే దానికి కారణం. ఈ పద్ధతిపై అమెరికా ప్రతినిధుల సభ విచారణ జరిపించింది. 1912 జనవరిలో అక్కడ సాక్ష్యమిస్తూ టేలర్, తన సిద్ధాంతమంటే ఇరుపక్షాల మనస్సుల్లో రావలసిన సంపూర్ణ మార్పు అని వాదించాడు. ఆ వాదన కాంగ్రెసును ఒప్పించలేదు. 1915లో సైనిక కేటాయింపుల చట్టం ద్వారా స్టాప్‌వాచ్ కొలతలను నిషేధించారు. ఆ నిషేధం 1949 వరకు కొనసాగింది.

అమలు చేసినవారిని తప్పుపట్టి టేలర్‌ను విడిచిపెట్టలేము. ఆలోచించడం యాజమాన్యం వంతు, చేయడం కార్మికుని వంతు అని విభజించినవాడు ఆయనే. దిమ్మెలు మోయడానికి తగినవాడు మందబుద్ధిగలవాడై, ఎద్దును పోలి ఉంటాడని రాసినవాడూ ఆయనే. తన పని వెనుకనున్న లెక్కను గ్రహించలేడని ముద్ర వేయబడినవాడు, ఆ లెక్క ప్రకారం తనకు రావలసిన విశ్రాంతి వచ్చిందో లేదో ఎలా అడుగుతాడు? టేలర్ గ్రంథంలో ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

2. ఫేయోల్: కంఠస్థమైన సూత్రాలు

ఫేయోల్ 1888లో దివాలా అంచున ఉన్న ఒక గనుల కంపెనీ బాధ్యతలు స్వీకరించి, దానిని నిలబెట్టి, 1918 వరకు నడిపించాడు. 1916లో వెలువడిన ఆయన గ్రంథంలోని 14 సూత్రాలను మన వాణిజ్యశాస్త్ర, ప్రభుత్వ పాలనాశాస్త్ర విద్యార్థులు కంఠస్థం చేస్తూ ఉంటారు. వాటిలో ఆదేశాల ఏకత్వం, అధికార శ్రేణి అనేవి ప్రతి కార్యాలయపు గోడ మీది పటంలో కనిపిస్తాయి.

కాని అధికార శ్రేణిని వివరించిన చోటనే ఫేయోల్ దానికి మినహాయింపు కూడా చూపించాడు. ఒక విభాగంలో క్రింది స్థాయిలో ఉన్న ఉద్యోగి, పక్క విభాగంలో తన స్థాయి ఉద్యోగితో మాట్లాడాలంటే నిచ్చెన పైకెక్కి, మళ్ళీ దిగవలసి వస్తుంది. ఆయన ఇచ్చిన పటంలో ఆ మార్గంలో పోవడానికి 10 అడుగులు, జవాబు రావడానికి మరి 10 అడుగులు పడతాయి. కనుక పై అధికారుల అనుమతితో వారిద్దరి మధ్య వంతెన వేయమన్నాడు. న్యాయానికి దయను జోడిస్తేనే సమత అవుతుందన్నాడు. క్రింది ఉద్యోగి చొరవ చూపాలంటే అధికారి తన అహాన్ని కొంత వదులుకోవాలన్నాడు. ఉద్యోగులను విడదీసి పాలించవద్దని, నోటి మాటతో తీరే విషయానికి కాగితాలు నడపవద్దని హెచ్చరించాడు. ఈ హెచ్చరికలు పరీక్షల్లో జవాబులుగా మిగిలాయి గాని కార్యాలయాల్లో నియమాలు కాలేదు. అధికారి వాటిని పాటించకపోతే ఏమి చేయాలో ఫేయోల్ చెప్పలేదు. అంతా అధికారి వివేకానికే వదిలేశాడు.

3. వెబర్: వర్ణనను ఆదర్శంగా చదవడం

వెబర్ విషయంలో పొరపాటు మరొక రకమైనది. ఉద్యోగస్వామ్యం ఎలా పనిచేస్తుందో ఆయన వివరించగా, అలాగే పనిచేయాలని ఆయన ఆదేశించినట్టు పాఠ్యగ్రంథాలు బోధిస్తూ వచ్చాయి. ఆయన వివరణలో లిఖిత నియమాలు పై అధికారికి కూడా వర్తిస్తాయి. ఉద్యోగి విధేయత పదవికే గాని పదవిలో ఉన్న వ్యక్తికి కాదు. అనేక సంస్థలు దస్త్రాలను, హోదాలను స్వీకరించి, వ్యక్తి విధేయతను మాత్రం యథాతథంగా ఉంచుకున్నాయి. ప్రొటెస్టెంట్ నీతిని గూర్చిన తన రచన (1904–05) చివర వెబర్, ఈ హేతుబద్ధ వ్యవస్థ మనిషిని బంధించే ఉక్కు చట్రంగా మారిందని ఆందోళన వ్యక్తం చేశాడు. నిర్వహణ పాఠాల్లో ఆ ఆందోళనకు చోటు దొరకడం అరుదు.

ముగింపు

నేడు స్టాప్‌వాచ్ స్థానంలో గిడ్డంగి కార్మికుని చేతిలోని స్కానరు ఉంది. అది నిమిష నిమిషమూ లెక్కిస్తుంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసి, 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చింది. దాని ప్రకారం పెద్ద గిడ్డంగులు పని లక్ష్యాలను కార్మికునికి రాతపూర్వకంగా తెలియజేయాలి. భోజన విరామానికి, విశ్రాంతికి, మరుగుదొడ్డికి వెళ్ళడానికి అడ్డువచ్చే లక్ష్యాలను విధించరాదు. టేలర్ స్వయంగా లెక్క కట్టిన విశ్రాంతిని కాపాడడానికి 110 సంవత్సరాల తరువాత చట్టం అవసరమైంది.

దీనిని బట్టి సంప్రదాయ సిద్ధాంతాల అసలు లోపం ఎక్కడుందో గ్రహించవచ్చు. టేలర్, ఫేయోల్ అధికారికి బాధ్యతలు చెప్పారు గాని, వాటిని అడిగే హక్కు పనివానికి ఇవ్వలేదు. అందువలన ఆదేశాలు అమలయ్యాయి, బాధ్యతలు హితబోధగా మిగిలిపోయాయి. కర్మాగారాలకే గాక విద్యాలయాలకు, ఆసుపత్రులకు, సేవాసంస్థలకు, సంఘాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. సంస్థ నిర్మాణ పటాన్ని గీసేవారు ఆజ్ఞ ఎవరి నుండి ఎవరికి వెళ్తుందో స్పష్టంగా చూపిస్తారు. క్రింది ఉద్యోగి తన ఫిర్యాదును ఎవరికి చెప్పుకోవాలో, ఎన్ని రోజుల్లో జవాబు రావాలో కూడా అదే పటంలో రాయవలసి ఉంది.