ల్యూక్ట్రా వ్యూహం: జెనోఫన్ కథనంపై విమర్శనాత్మక పరిశీలన

క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా వద్ద థీబ్స్ సేన స్పార్టాను ఓడించింది. ఎపమినోండస్ కనిపెట్టిన కొత్త వ్యూహమే ఇందుకు కారణమని మీరు ఒక్క వాక్యంలో రాసే ముందు ఆధారాలను పరిశీలించండి.

ఫాలాంక్స్ అంటే డాలు, ఈటె ధరించిన పదాతులు వరుస వెనుక వరుసగా నిలిచే దళం. డాలు ఎడమచేతికి ఉంటుంది కాబట్టి ప్రతి సైనికుడూ తన కుడిపక్కవాని డాలు చాటుకు జరుగుతాడని, అందువల్ల సేన మొత్తం కుడివైపుకు ఒరుగుతుందని థ్యూసిడైడిస్ వివరించాడు. కుడి పార్శ్వం గౌరవస్థానం. ల్యూక్ట్రాలో థీబన్లు మాత్రం తమ బలాన్ని ఎడమవైపున, స్పార్టా రాజు క్లియోంబ్రోటస్‌కు ఎదురుగా నిలిపారు.

జెనోఫన్ ఈ యుద్ధానికి సమకాలికుడు. స్పార్టన్లు 12 వరుసలకు మించకుండా, థీబన్లు 50 వరుసలకు తగ్గకుండా నిలిచారని ఆయన 'హెలెనికా'లో రాశాడు. స్పార్టా అశ్వికదళం ఓడి సొంత పదాతుల మీదికే వచ్చిపడిందనీ చెప్పాడు. కాని ఈ యుద్ధవర్ణనలో ఎపమినోండస్ పేరే లేదు! స్పార్టన్లు మధ్యాహ్నం తాగిన ద్రాక్షసారా ప్రస్తావన మాత్రం ఉంది. జెనోఫన్ స్పార్టా రాజు అగెసిలాస్‌కు మిత్రుడు. ఈ మౌనానికి అర్థం అక్కడ వెతకాలి.

ఏటవాలుగా కదిలిన సేన గురించి మనకు చెప్పేవారు డయోడొరస్, ప్లూటార్క్. పెలోపిడాస్ నడిపిన 300 మంది 'పవిత్ర దళం' పాత్రను ప్లూటార్క్ వర్ణించాడు. అయితే వీరిద్దరూ కొన్ని శతాబ్దాల తరువాతివారు.

మరి ఎవరిని నమ్మాలి? జెనోఫన్ పక్షపాతం ఆయన వదిలేసిన విషయాల్లో కనిపిస్తుంది. అంతమాత్రాన ఆయన ఇచ్చిన అంకెలను తోసిపుచ్చరాదు. యుద్ధంలో ఉన్న సుమారు 700 మంది స్పార్టా పూర్తిస్థాయి పౌరుల్లో 400 మంది మరణించారని రాసిందీ ఆయనే. తాను అభిమానించే పక్షానికి ఇంతటి నష్టం జరిగిందని ఒప్పుకున్న సాక్ష్యానికి బరువు ఎక్కువ.

లోతైన వరుసలు కూడా కొత్తవి కావు. క్రీ.పూ. 424లో డీలియం వద్ద థీబన్లు 25 వరుసల్లో నిలిచారు. ల్యూక్ట్రాలో ఆ లోతును మరింత పెంచి, శత్రువు బలంగా ఉన్నచోటనే దెబ్బతీయడం విశేషం. కనుక 'కనిపెట్టాడు' అనే మాటకు బదులు 'ఉన్నదాన్ని కొత్తగా ప్రయోగించాడు' అనడం సబబు.

అభ్యాసం: ఒక రచయిత మౌనాన్ని చరిత్రకారుడు ఆధారంగా స్వీకరించవచ్చునా? ల్యూక్ట్రా ఉదాహరణతో పది పంక్తుల్లో చర్చించండి.