పల్లె పంతులు - పరిసర విజ్ఞానము

గ్రామ పాఠశాలలలోని విజ్ఞానశాస్త్రోపాధ్యాయులను పర్యావరణ విద్యకు నాయకులుగా తీర్చవలెనని నేడు తఱచుగా వినుచున్నాము. మాట మంచిదే. కాని శిక్షణ శిబిరములలో సాధారణముగా జరుగు పనిని చూచినచో, ‘నాయకుడు’ అను పదమునకు అచ్చట నేమి యర్థమో బోధపడదు. కొన్ని దినముల ఉపన్యాసములు, ఒక కరదీపిక, కడపట నొక ప్రశంసాపత్రము. ఉపాధ్యాయుడు తన యూరికి తిరిగివచ్చి, తాను విన్నదానిని పిల్లలకు వినిపించును. విన్నది వినిపించుటలో నాయకత్వ మేమున్నది?

పాఠము లేకపోవుట మన కొఱత కాదు. పర్యావరణ విషయమును విద్యలో తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 1991 నవంబరులోనే ఆదేశించెను. 2003లో ఆ యాదేశమును మఱల గట్టిచేసెను. పాఠములు వచ్చినవి, హరితదళములును వచ్చినవి. ఆ పాఠమును తన యూరి మట్టికిని నీటికిని ముడిపెట్టగల ఉపాధ్యాయుడే అరుదుగా కానవచ్చుచున్నాడు.

అట్టి ఉపాధ్యాయుని తయారుచేయుటకు మన దేశములో నొక గొప్ప ప్రయత్నము జరిగినది. మధ్యప్రదేశములోని హోషంగాబాద్ జిల్లాలో, 1972లో, పదునాఱు గ్రామీణ మాధ్యమిక పాఠశాలలలో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమము ఆరంభమయ్యెను. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరు అను రెండు సంస్థలు దానికి పూనుకొనెను. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికిని అది వ్యాపించెను. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ పిమ్మట దాని భారమును వహించెను. పిల్లలు నలుగురేసి జట్టుగా కూడి ప్రయోగములు చేయుదురు, ఆకులను ఏరితెచ్చి వర్గీకరింతురు, మట్టిని పరీక్షింతురు. పూవును విప్పి చూచుటకు ఉక్కుసూది లేనిచోట తుమ్మముల్లు చాలును. పరీక్షలోనైనను పుస్తకము తెఱచి చూచుకొనవచ్చును. ‘బాల్ వైజ్ఞానిక్’ అను వారి పాఠ్యపుస్తకము ప్రశ్నలడుగునుగాని జవాబులను వల్లె వేయింపదు.

మేము ముఖ్యముగా మెచ్చుకొనునది పిల్లల చదువుకన్న పెద్దల చదువును. వేసవిలో మూడేసి వారములు ఉపాధ్యాయులే పిల్లలవలె కూర్చుండి ఆ ప్రయోగములను తమ చేతులతో చేసిరి. విశ్వవిద్యాలయముల నుండి వచ్చిన శాస్త్రజ్ఞులతో వాదించిరి. ఇరువది యేండ్లు పాఠము చెప్పినవాడు అందఱియెదుట ‘ఇది నాకు తెలియదు’ అనుట సామాన్యమైన పని కాదు. మన బళ్లలో పంతులు గౌరవమంతయు తెలిసినట్లు కనబడుటమీదనే నిలిచియున్నది! ఆ భయము విడిచినగాని వాడు ఒక గుంట నీటినైనను తిన్నగా చూడలేడు. నెలకొకసారి చుట్టుపట్ల ఉపాధ్యాయులు ఒకచోట కూడి, తరగతిలో చెడిన ప్రయోగములనుగూర్చి మాటలాడుకొనుచుండిరి. వేసవి శిబిరముకన్న ఈ మాసకూటమే విలువైనదని మా తలంపు. శిబిరములోని యుత్సాహము శ్రావణమాసమునకు చల్లారును. పొరుగూరి పంతులు పలుకరింపు ఏడాది పొడవునను నిలుచును.

అయినను ఈ కార్యక్రమమును విమర్శింపక విడువజాలము. ఆ జిల్లాలోనే తవా ఆనకట్ట కాలువలనీరు నల్లరేగడి పొలములలో ఊరి, భూమి చెడుచుండగా, రైతులు 1977 ప్రాంతమున ‘మిట్టీ బచావో’ అను ఉద్యమమును లేపిరి. బడిలో పిల్లవాడు మట్టిని గాజుగ్లాసులో కలిపి చూచును. వాని తండ్రి పొలములో మోకాలిలోతు బురదలో నిలుచును. ఈ రెండు మట్టులును ఒక్కటే యని చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. విద్యాపద్ధతిని మార్చుట ఎంత గొప్పదైనను, ఊరివారు ‘ఇది మాకు కావలసినది’ అని పట్టుకొననిచో దానికి కాపు లేదు. 2002లో ప్రభుత్వము ఆ కార్యక్రమమును మూసివేసెను. ముప్పది యేండ్ల కృషికి, వందలకొలది పాఠశాలలకు, ఒక్క యుత్తరువు చాలెను. దేశమందలి శాస్త్రజ్ఞులును విద్యావేత్తలును అభ్యంతరము చెప్పిరి. అది నిలుపలేదు.

ఇక మన తెలుగునాటి మాట. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో ఎముకలను వంచివేయు వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని షార్టు ప్రభృతులు 1937లో ప్రకటించిరి. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని నేడు ప్రమాణము. స్థిరదంతములు ఏర్పడు వయసులో అట్టి నీటిని త్రాగిన పిల్లల పండ్లపై మచ్చలు పడును. ఎముకలకు పట్టినది మందుతో పోదు. పటికయు సున్నమును వేసి ఆ నీటిని తేర్చు పద్ధతికి నల్లగొండ పేరే లోకములో స్థిరపడినది. నల్లగొండ పల్లెలకు ఇప్పుడు నదీజలము గొట్టములలో వచ్చుచున్నది. బోరుబావులు మాత్రము మూతపడలేదు. రంగుమార్పుచేత ఫ్లోరైడును తెలుపు పరీక్షపెట్టె ఒకటి, రెండు బక్కెట్లు, కొంత పటిక, కొంత సున్నము: ఎనిమిదవ తరగతికి ఇంతకన్న మంచి ప్రయోగశాల యేది? ధ్రువపు ఎలుగుబంటిని గూర్చి చదువుకొనవలదని మేమనము. మొదట తమ బావిని చదువవలెను.

బావినీటి కొలత మించినదనుకొందము. ఉపాధ్యాయుడు దానిని ఎవరితో చెప్పవలెను? అతడు ప్రభుత్వోద్యోగి. ప్రభుత్వమును బహిరంగముగా విమర్శింపరాదని 1964 నాటి ప్రవర్తనా నియమములు అతని నోటికి తాళము వేసినవి. నీటి కొలతను చెప్పుట విమర్శ కాదని మేము నమ్ముచున్నాము. కాని సర్పంచికి కోపము వచ్చిననాడు, బదిలీ కాగితము చేతికందిననాడు, మా నమ్మకము ఆ పంతులునకు అక్కఱకు రాదు. శిక్షణమిచ్చువారు అతనిని నాయకుడని పిలుచుటకు ముందు రెండు కాగితములను సంపాదించి యిత్తురుగాక. మాసకూటమునకు పోవుట ఉద్యోగములో భాగమని, దారిబత్తెము చెల్లింపబడునని ఒకటి. పిల్లలు కొలిచిన నీటి లెక్కను పంచాయతీ కచ్చేరి గోడకు అంటించుటకు ఉపాధ్యాయునకు అధికారము కలదని రెండవది.