సుహైలి, మాదెయి: పాత నావ, కొత్త నావ

తెరచాప నావలను పోల్చునపుడు సాధారణముగా అడుగబడు ప్రశ్న ఒక్కటే: ఏది వేగముగా పోవును? దీనికి సమాధానము చెప్పుట సులభము. కాని ఆ సమాధానము నావ యొక్క మంచిచెడ్డలను పూర్తిగా తెలుపదు. భారతదేశమునందే నిర్మింపబడి, భూమిని చుట్టివచ్చిన రెండు నావలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ సంగతి స్పష్టమగును.

మొదటిది సుహైలి. 1964లో బొంబాయిలో టేకు కర్రతో తయారైనది. పొడవు 32 అడుగులు. దీని రూపమునకు మూలము నార్వే దేశమున కాలిన్ ఆర్చర్ రూపొందించిన ప్రాణరక్షక నావలు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న దీనిలో ఇంగ్లండునందలి ఫాల్మత్ రేవు విడిచి, ఎక్కడను ఆగక, ఒంటరిగా భూమిని చుట్టి, 1969 ఏప్రిల్ 22న అదే రేవు చేరెను. ఈ పని చేసిన మొదటి మనిషి ఆయనయే.

రెండవది మాదెయి. గోవాలో తయారై 2009లో భారత నౌకాదళమునకు చేరినది. పొడవు 56 అడుగులు. బరువు సుమారు 23 టన్నులు. 2012 నవంబరు 1న దీనిలో ముంబయి నుండి బయలుదేరిన అభిలాష్ టోమీ, ఎక్కడను ఆగక, 2013 మార్చి 31న తిరిగి వచ్చెను. ఒంటరిగా, ఆగకుండ భూమిని చుట్టిన మొదటి భారతీయుడు ఆయన.

పాత నావకు 312 దినములు, కొత్త నావకు 150 దినములు పట్టినవి. కనుక కొత్తది రెండింతలు మేలని కొందరు తలంతురు. ఈ లెక్కలో పొరపాటు కలదు. రెండు నావలు నడచిన దూరములు సమానము కావు. సుహైలి సుమారు 30,000 నాటికల్ మైళ్లు, మాదెయి సుమారు 23,000 నాటికల్ మైళ్లు నడచినవి. దూరమును కాలముతో భాగించినచో సగటు వేగము మొదటిదానికి 4 నాట్లు, రెండవదానికి 6.4 నాట్లు వచ్చును. అనగా నిష్పత్తి 2 కాదు, 1.6 మాత్రమే.

ఈ 1.6లో కూడ కొత్తదనము వలన వచ్చినది ఎంత? నీటిని చీల్చుకొని పోవు నావ తన చుట్టును ఒక అలను లేపును. అల యొక్క వేగము దాని పొడవు వర్గమూలమునకు అనుపాతములో ఉండును. నావ తన అలను దాటి పోవలెనన్న ఆ అలపైకి ఎక్కవలసినంత శ్రమ పడవలెను. కావున పొడవైన నావకు సహజముగనే ఎక్కువ వేగము సాధ్యమగును. 56ను 32తో భాగించగా వచ్చు 1.75కు వర్గమూలము సుమారు 1.32. అనగా స్థూలముగా చూచినపుడు లాభములో పెద్ద భాగము పొడవుదే. 1.6ను 1.32తో భాగించగా మిగులునది 1.2 మాత్రమే. రూపము, పదార్థము, తెరచాపలు, ఉపగ్రహముల ద్వారా అందిన వాతావరణ సమాచారము అన్నియు కలిసి ఇచ్చినది ఇంతే.

ఇక నీటి క్రింది రూపము. సుహైలి అడుగుభాగమున ముందు నుండి వెనుకకు సాగిన పొడవైన దూలము కలదు. ఇట్టి నావ చుక్కానిని క్షణక్షణము సరిచేయకున్నను తన దారిన తాను పోవును. ఆస్ట్రేలియా సమీపమున దానంతట అది దారి పట్టించు సాధనము చెడిపోయిన తరువాత నాక్స్-జాన్‌స్టన్ మిగిలిన ప్రయాణమును పూర్తి చేయగలుగుటకు ఈ గుణము తోడ్పడెను. కాని ఇట్టి అడుగు నీటితో ఎక్కువ రాపిడి పొందును. త్వరగా మలుపు తిరుగదు. చేపరెక్క వలె లోతుగను, కురుచగను ఉన్న అడుగు గల కొత్త రకపు నావలు గాలికి ఎదురుగా చక్కగా సాగును గాని, దారి తప్పకుండ నిలుపుటకు నిత్యము శ్రద్ధ కోరును.

పదార్థమును పరిశీలించినచో మరియొక భేదము కానవచ్చును. టేకు పలకల మధ్య నుండు ప్రతి సందును నీటికి ఒక ద్వారమే. సుహైలిలోనికి అట్లాంటిక్ సముద్రముననే నీరు కారుట మొదలయ్యెను. నావికుడు నీటిలోనికి దిగి, సందులో నూలు దూర్చి, పైన రాగిరేకు బిగించి ఆపెను. మాదెయి అట్లు కాదు. సన్నని కర్రబద్దలను జిగురుతో అతికి, పైన గాజునార పొర వేయుటచే దాని ఒడలంతయు ఒకే ముక్క అయినది, సందులు లేవు. అయితే ఆ పొర పగిలి లోని కర్ర తడిసినచో నడిసముద్రమున సుత్తితోను మేకులతోను బాగుచేయుట సాధ్యము కాదు. పాతది తరచుగా కారును గాని బాగుపడును. కొత్తది అరుదుగా చెడును గాని బాగుచేయుట కష్టము.

అటులైన పాత రూపమే క్షేమకరమా? అదియు కాదు. సుహైలి నమూనాలోనే గోవాలో నిర్మించిన తురియా అను నావలో 2018లో టోమీ మరల బయలుదేరెను. ఆ సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో నావ బోర్లపడి, స్తంభములు విరిగి, ఆయన వెన్నెముకకు గాయమయ్యెను. మూడు దినముల తరువాత ఫ్రెంచి నావ ఆయనను కాపాడెను. పెద్ద అలకు అడ్డముగా దొరికినపుడు 32 అడుగుల నావను పాత రూపము రక్షింపలేదు.

మాదెయికి చెల్లెలైన తారిణి 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు ఆరుగురు స్త్రీలతో భూమిని చుట్టివచ్చెను. వారిలో విశాఖపట్టణమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉండిరి. ఆరుగురు కలిసి నెలల తరబడి బ్రతుకుటకు కావలసిన చోటు, నీరు, ఆహారము 32 అడుగులలో ఇమడవు. ఈ విషయమున కొత్త నావదే నిశ్చయముగా పైచేయి.

అయితే టోమీ తరువాత ఎన్నుకొనిన నావ ఆలోచింపదగినది. 2023లో ఆయన రెండవ స్థానము పొందిన భూప్రదక్షిణ పందెమున నడిపినది రస్ట్‌లర్ 36. దానికి పొడవైన దూలము గల పాత అడుగును, గాజునారతో చేసిన సందులు లేని కొత్త ఒడలును కలవు. పందెపు నియమములు పాత రూపమునే కోరినమాట నిజమే. అయినను పాతది, కొత్తది అను రెండు పేర్ల క్రింద నావలను విభజించుట ఎంత తొందరపాటో ఆ నావ చూపుచున్నది. రూపమును వేరుగను, పదార్థమును వేరుగను, పరిమాణమును వేరుగను తూచిన పిమ్మటనే తీర్పు చెప్పవలెను.